మనవాడా, పరాయివాడా?

క్లబ్ మేనేజర్‌ని తీసేశారని వార్త వస్తే చాలు, అభిమానుల మధ్య పంచాయితీ మొదలవుతుంది. నాలుగు పేర్లు బయటికొస్తాయి. ఒకాయనకి అనుభవం ఉంది, కానీ ఆట పాతబడింది. ఇంకొకతను కుర్రాడు, ఆలోచనలు కొత్తవి, కానీ పెద్ద క్లబ్బు మొహం చూడలేదు. మూడో ఆయన కప్పులు తెస్తాడు, మూడేళ్లకి అందరితో గొడవ పెట్టుకుని పోతాడు. ఈ లెక్కలన్నీ అయ్యాక ఎవరో ఒకరు నాలుగో పేరు తీస్తారు: ఒకప్పుడు ఇదే క్లబ్బుకి ఆడినవాడు. "వీడైతే మనవాడు కదా!" అంతటితో చర్చ ఆట వదిలేసి చుట్టరికంలోకి దిగుతుంది.

ఈ "మనవాడు" అన్న మాటని మనసులో పెట్టుకునే డేవిడ్ పీస్ నవల 'ది డ్యామ్‌డ్ యునైటెడ్' (2006) మళ్లీ చదివాను. 1974లో ఇంగ్లండ్ లీగ్ ఛాంపియన్ లీడ్స్ యునైటెడ్. పదమూడేళ్లు ఆ జట్టుని పెంచి పెద్దచేసిన డాన్ రెవీ జాతీయ జట్టు మేనేజర్‌గా వెళ్లిపోయాడు. పోతూపోతూ తన ఆటగాడు జానీ గైల్స్‌ని ఆ కుర్చీకి సిఫారసు చేశాడు. డైరెక్టర్లు వినలేదు. బ్రయన్ క్లఫ్‌ని తెచ్చారు.

క్లఫ్ సామాన్యుడేం కాదు. డెర్బీ కౌంటీ లాంటి చిన్న క్లబ్బుని 1972లో లీగ్ విజేతగా నిలబెట్టినవాడు. కానీ లీడ్స్‌వి మోసపు ఆటలని, ఆ జట్టుని రెండో డివిజన్‌కి దించేయాలని బాహాటంగా అన్నవాడు కూడా. ఏళ్ల తరబడి ఎవరిని తిట్టాడో వాళ్లకే పెద్దదిక్కుగా వచ్చాడు. అన్నేళ్లు తోడున్న పీటర్ టేలర్ ఈసారి వెంట రాలేదు, బ్రైటన్‌లోనే ఉండిపోయాడు. ఆరు లీగ్ మ్యాచుల్లో ఒక్కటే గెలుపు. 44 రోజులకి ఇంటికి పంపేశారు.

పీస్ ఈ కథని రెండు గొంతుల్లో చెబుతాడు. లీడ్స్‌లో గడిచే రోజులు "నేను" అంటూ, ఈ క్షణంలో జరుగుతున్నట్టు. మోకాలు చితికి ఆటగాడి జీవితం ముగిసిన రోజు నుంచి డెర్బీ రోజుల దాకా గతమంతా "నువ్వు" అంటూ. ఇంగ్లీషులో ఆ పిలుపుకి ఒకటే మాట. చదువుతుంటే నా చెవికి మాత్రం అది "మీరు"గా ఒక్కసారి కూడా వినపడలేదు. అద్దం ముందు నిలబడి తనని తానే నిలదీసుకునే "నువ్వు" అది. నవల బలమంతా ఆ గొంతులో ఉంది. రెవీ కూర్చున్న బల్లని క్లఫ్ ముక్కలు చేసే ఘట్టంలో పిచ్చి కంటే భయమే ఎక్కువ కనిపిస్తుంది.

మన భాషలో "మేము" వేరు, "మనం" వేరు. జట్టు గెలిస్తే "మనం గెలిచాం" అంటాడు అభిమాని. అతను మైదానంలో అడుగు కూడా పెట్టలేదు, అయినా అది అబద్ధం కాదు. మేనేజర్‌గా వచ్చినవాడు మాత్రం ఆ "మనం"లోకి వెంటనే రాలేడు. ఈ నవల్లో క్లఫ్‌కి ఆటగాళ్లు చివరిదాకా "వాళ్లే", రెవీ మనుషులే. ఆ ఒక్క మాట నోరు తిరగని మనిషి కథగా చదివితే ఇది గొప్ప నవల.

నా పేచీ వేరేచోట ఉంది. పీస్ ఈ వైఫల్యాన్ని విధి రాతలా చూపిస్తాడు. కుర్చీకి శాపం ఉన్నట్టు, బయటివాడెవడు కూర్చున్నా అంతే అన్నట్టు. నిజంగా జరిగింది అది కాదు. క్లఫ్ తర్వాత వచ్చిన జిమ్మీ ఆర్మ్‌ఫీల్డ్ కూడా బయటివాడే. దాదాపు అదే ఆటగాళ్లతో 1975 మే నెలలో యూరోపియన్ కప్ ఫైనల్ దాకా వెళ్లాడు, పారిస్‌లో బయర్న్ మ్యూనిక్ చేతిలో ఓడాడు. శాపం కుర్చీకి ఉంటే ఆయనకీ తగలాలి కదా? ఇంకోటి, బతికున్న మనుషుల పేర్లతో కల్పన రాస్తే ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. గైల్స్ చట్టపరంగా అభ్యంతరం చెప్పాక తర్వాతి ముద్రణల్లో కొన్ని భాగాలు మార్చాల్సి వచ్చింది. నవలాకారుడి స్వేచ్ఛ పేరుతో దీన్ని కొట్టిపారేయలేను.

అలాగని "మనవాడు" వాదం గెలిచినట్టూ కాదు. 1999 యూరప్ ఫైనల్లో చివరి నిమిషం గోల్ కొట్టిన సోల్‌షార్‌ని మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్‌ని చేసుకుంది. 2021 నవంబర్‌లో ఒక్క కప్పు కూడా లేకుండానే ఆయన వెళ్లిపోయాడు. చెల్సీలో లాంపార్డ్‌ కంటే దగ్గరివాడు ఎవరున్నారు? 2021 జనవరిలో అతన్ని తీసేసి థామస్ టూకెల్‌ని తెచ్చుకున్నారు. మే నెలలో ఛాంపియన్స్ లీగ్ గెలిచారు. ఆ రాత్రి నుంచి టూకెల్ కూడా "మనవాడే".

అభిమానులు "మనవాడు" అనేదాన్ని అర్హత అనుకుంటారు, అది గెలిచాక వచ్చే బిరుదు. ఇందుకు క్లఫ్ జీవితం కంటే మంచి రుజువు లేదు. లీడ్స్ గెంటేసిన కొద్ది నెలలకి అతను నాటింగ్‌హమ్ ఫారెస్ట్‌కి వెళ్లాడు. డెర్బీకి ఆగర్భ శత్రువు ఆ క్లబ్బు. అక్కడ 1978లో లీగ్, 1979, 1980ల్లో వరుసగా యూరోపియన్ కప్పులు గెలిచాడు. శత్రువుల ఇంటి నుంచి వచ్చినవాడు ఆ ఊరి దేవుడయ్యాడు. ఇప్పుడు రెండు ఊళ్లలోనూ అతని విగ్రహాలున్నాయి. ఒకరంటే ఒకరికి పడని ఆ రెండు ఊళ్లని కలిపే రోడ్డుకి కూడా అతని పేరే పెట్టారు. మావాడంటే మావాడని ఇద్దరూ కొట్టుకుంటారు.

లీడ్స్‌లో అతనికి దొరికింది 44 రోజులు. ఈసారి కొత్త పేరు మీద పంచాయితీ పెట్టినప్పుడు, ఎవరొస్తే బాగుంటుందన్నది కాసేపు ఆపి, వచ్చినవాడికి ఎన్ని రోజులిస్తామో ముందు చెప్పుకుంటే బాగుంటుంది.