కొబ్బరినూనె గడ్డకట్టే కాలం

బెజవాడకి చలికాలం వచ్చిందని వాతావరణ శాఖ చెప్పక్కర్లేదు, కొబ్బరినూనె సీసా చెబుతుంది. 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టే నూనె అది. వేసవిలో 45 డిగ్రీలకు అలవాటు పడ్డ ఊరు, డిసెంబరు తెల్లవారుజామున 20కి అటూ ఇటూ దిగితే చాలు, మంకీ క్యాపులు బయటికి తీస్తుంది. ఢిల్లీవాళ్లు నవ్వితే నవ్వనీండి. ఒళ్లు మాత్రం ఇక్కడా పగులుతుంది. పిక్క మీద గోటితో గీస్తే తెల్లటి చార పడుతుంది.

అంత చలే లేని చోట చర్మానికేం వచ్చింది? ఈశాన్య రుతుపవనాలు వెనక్కి తగ్గాక మధ్యాహ్నాలు పొడిగాలి వీస్తుంది, నిజమే. కానీ గాలికి తోడు గీజరూ సబ్బూ ఉన్నాయి. చర్మం పైపొర కణాల మధ్య ఉండే కొవ్వులే లోపలి తేమను పట్టి ఉంచుతాయి. పొగలు కక్కే నీళ్లు వాటిని ఊడ్చుకుపోతాయి. చర్మం సహజంగా కాస్త ఆమ్లం, పీహెచ్ 5 దగ్గర. మామూలు సబ్బు 9, 10 మధ్య. రెండు పూటలా సబ్బు స్నానం ఎండాకాలపు ఉక్కకు సరిపోయే అలవాటు. దాన్నే వేన్నీళ్లతో పుష్యమాసం దాకా లాగితే ఒళ్లు తట్టుకోదు.

మా ఇంట్లో ధనుర్మాసం ఆదివారాలు ఇప్పటికీ నలుగుకే. పెసలు, శనగపప్పు, కాసిని బియ్యం, కచ్చూరాలు ఎండబెట్టి, కృష్ణ అవతల దుగ్గిరాల పసుపు కొమ్ము ఒకటి దంచి కలిపి మరకు పట్టుకెళతాం. అక్కడ మొదట అడగాల్సిన మాట ఒకటుంది: "ఇందాక కారం గానీ ఆడారా?" ఆడి ఉంటే ఆ పూటకి వెనక్కి వచ్చేయడమే. లేకపోతే స్నానాల గదిలో ఒళ్లంతా గుంటూరు మిరప యార్డే. చలికాలానికి పిండి బరక లేకుండా మెత్తగా పడాలి.

నువ్వులనూనె గోరువెచ్చగా చేసి మాడు నుంచి అరికాళ్ల దాకా పట్టిస్తాం. తలకి, చెవులకి, పాదాలకి మరీ శ్రద్ధగా రాయమని అష్టాంగహృదయంలో వాగ్భటుడు చెప్పాడు. ఓ అరగంట నానాక, మీగడతో తడిపిన సున్నిపిండి రుద్దితే సగం ఆరుతూనే వత్తులు వత్తులుగా రాలుతుంది. పిండి ఎక్కువైన నూనెనీ మట్టినీ తీసుకుపోతుంది, పలచని జిడ్డుపొర మిగులుస్తుంది. ఆ పొర కోసమే ఇంత తతంగం. ఆ తర్వాత మళ్లీ సబ్బు పట్టిస్తే చేసిందంతా నీళ్లపాలే.

నూనె చర్మానికి నీళ్లు పోయదు, ఉన్న నీళ్లని పోనివ్వదు. 1872లో అమెరికాలో చీజ్‌బ్రో పేటెంటు తీసుకున్న వాజలైన్ చేసేదీ అదే పని. అందుకే తువ్వాలుతో గట్టిగా తుడవకుండా అద్ది, ఒంటి మీద తడి ఉండగానే ఏదైనా రాసుకోవాలి. ఆరిపోయాక రాస్తే సగం ఫలితమే.

పాతదల్లా మంచిదని కాదు. కొందరు సున్నిపిండిలో బావంచాలు వేస్తారు. వాటిలోని సోరాలెన్ ఎండ తగిలితే చర్మాన్ని కమిలించగలదు. నలుగు పెట్టుకుని నీరెండలో కూర్చునే అలవాటున్న ఇంట్లో అవి వద్దు. నెలల పిల్లల లేత ఒంటికి పిండి రుద్దడమూ వద్దు.

బీసెంట్ రోడ్డు షాపుల్లో అద్దాల వెనక చలికాలపు క్రీములు దాదాపు అన్నీ మొహానికే. డెల్టాలో చలి ముందు పట్టేది మడమల్ని. సార్వా నాట్ల నుంచి బురదలో నానిన కాళ్లు కోతల నాటికి ఎండిన మోళ్ల మీద నడుస్తాయి. దివిసీమలో కోతకొచ్చిన ఆడవాళ్ల మడమల్లో మట్టి ఇరుక్కుని నల్లటి గీతలు కనిపిస్తాయి. రాత్రి కాళ్లు కడిగి, ఆముదంలో కరిగించిన కొవ్వొత్తి మైనం చల్లారాక పగుళ్లలో పెట్టుకుంటారు. పొద్దున మళ్లీ చేలోకే.

షుగరున్నవాళ్లకైతే పగులు నొప్పి తెలియకుండానే పుండవుతుంది. అలాంటివాళ్లు రోజూ అరికాలు తిప్పి చూసుకోవాలి, కంటికి ఆనకపోతే ఇంట్లోవాళ్లు చూడాలి. రక్తం కనిపించినా, చీము పట్టినా ఆముదంతో సరిపెట్టకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మిగతావాళ్లం గీజరు వేడి తగ్గించి, సబ్బు చంకలకీ గజ్జలకీ పరిమితం చేస్తే సగం క్రీముల ఖర్చు మిగులుతుంది. ఆ మిగిలిన డబ్బుతో మన చేలో కోతకొచ్చినవాళ్లకి తలా ఒక వాజలైన్ డబ్బా ఇవ్వొచ్చు.