సోపతి లేని షికారు

కుటుంబంతో సరదాగా బయటికి వెళ్లడమంటే ఏమిటో చిన్నపిల్లల తల్లి భుజాన ఉన్న సంచిని అడగాలి. మార్చడానికి రెండు జతల బట్టలు, మెత్తగా పిసికిన పప్పన్నం డబ్బా, కాచి చల్లార్చిన నీళ్లు, జ్వరం మందు, పాత చీర ముక్కలు, బిస్కెట్ పొట్లం, బస్సులో వాంతి చేసుకుంటే పట్టడానికి కవర్లు. ఇంటి పనంతా ఆ సంచిలోకి ఎక్కి ఆమెతో పాటే బయల్దేరుతుంది. మగవాళ్లు బండి తాళం జేబులో వేసుకుని గడపలో నిలబడి "ఇంకా కాలేదా?" అంటారు.

మా ఇంట్లో నాలుగేళ్ల బిడ్డ, ఏడాదిన్నర కొడుకు. ఈ ఇద్దరినీ వెంటేసుకుని గడప దాటడం ఒక విద్య. నేర్పే బడి లేదు, పడుతూ లేస్తూ పట్టుబడాల్సిందే. అలా నాకు పట్టుబడింది ఇదీ: పిల్లల తల్లికి షికారు షికారులా ఉండాలంటే పక్కన అదే ఈడు పిల్లలున్న ఇంకో ఆడమనిషి ఉండాలి. మొగుడొక్కడు చాలడు. ఈ మాట అన్నందుకు మా ఇంట్లో కాస్త అలకలు నడిచాయి. అయినా రాస్తున్నాను.

కొమురవెల్లి సంగతే చూడండి. జనగామ నుంచి సిద్దిపేట రోడ్డు పట్టుకుని చేర్యాల దాటితే మల్లన్న గుట్ట. 2016 అక్టోబరులో జిల్లాలు చీల్చినప్పుడు చేర్యాల, కొమురవెల్లి సిద్దిపేట జిల్లాలోకి పోయాయి గానీ, మల్లన్న మా జనగామ ఇళ్లలోంచి ఎటూ పోలేదు. సంక్రాంతి మొదలు ఉగాది దాకా ఆదివారం వచ్చిందంటే అక్కడ జాతరే. మా చిన్నోడి పుట్టువెంట్రుకలు తీయించడానికి చుట్టాలందరం వ్యాను కట్టించుకుని పోయాం. ఒకవైపు ఒగ్గు పూజారులు రంగురంగుల పిండితో పట్నం వేస్తున్నారు. చూడముచ్చటగా ఉంటుందని చిన్నప్పటి నుంచి వింటున్నాను. నేను చూసింది మాత్రం మూడు రాళ్ల పొయ్యి. కొత్త కుండలో బోనం వండాలి, నలుగురికీ వంట కావాలి, గుండు గీయించుకుని గుక్కపట్టి ఏడుస్తున్నవాణ్ని సముదాయించాలి, నిప్పు వైపు ఉరుకుతున్న పిల్లను గుంజి తేవాలి. మా ఆయన మంచివాడే. "ఏమన్నా సాయం చెయ్యాల్నా?" అని అడిగాడు కూడా. ఏం చెయ్యాలో చెప్పడమే నాకు ఇంకో పని అవుతుందని ఆయనకు తోచలేదు.

నా సోపతి దొరికింది అంగన్‌వాడీలో. ఏడు నెలల వయసు నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు నెలనెలా బాలామృతం ఇస్తారు, రెండున్నర కిలోల ప్యాకెట్. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పిండి. నేను జావలా కాచి పోస్తే మావాడు ఉమ్మేస్తున్నాడని టీచరుతో చెప్పుకుంటుంటే వెనక నిలబడ్డ ఆమె అందుకుంది. "జావ ఎందుకక్కా, కొంచెం నెయ్యేసి ముద్దలు కట్టు. మావోని పక్కన కూసోబెట్టు. వాడు తింటుంటె చూసి వీడు తింటడు."

ఆ సాయంత్రమే కూర్చోబెట్టాం. తిన్నాడు. ఒక పిల్లకు తినిపించడం కన్నా ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి తినిపించడం తేలికని పెద్దవాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. మేం మర్చిపోయాం అంతే. మా ఇళ్లకు గేట్లు వచ్చాయి మరి.

ఆమెకూ ఇద్దరు, ఒక కొడుకు, ఒక బిడ్డ. మా సోపతిలో ముచ్చట్లు తక్కువ, పనులు ఎక్కువ. బస్టాండులో ఒకరు బాత్రూంకు పోతే ఇంకొకరు నలుగురు పిల్లల్నీ సంచుల్నీ చూసుకోవాలి. రాయడానికి మొహమాటంగానే ఉంది కానీ, చంకలో బిడ్డతో ఒంటరిగా బయల్దేరిన ఏ తల్లినైనా అడగండి, ఆమె పొద్దున్నుంచి నీళ్లు ఎందుకు తాగలేదో చెబుతుంది. ఒకరు తింటుంటే ఒకరు చూస్తారు. తర్వాత వంతు మారుతుంది. ఇడ్లీ వేడిగా ఉండగానే తినడం నేను చాలా రోజుల తర్వాత ఈమెతో వెళ్లినప్పుడే ఎరిగాను. ఇంకో సంగతి, నా కొడుకు రోడ్డు మీదికి ఉరికితే చెయ్యి పట్టి గుంజి కసిరే హక్కు ఆమెకు ఉంది. ఆమె కొడుకు మీద నాకూ ఉంది. ఈ ఒప్పందం నోటితో అనుకున్నది కాదు. ఇది లేనిచోట ఎంత ప్రాణస్నేహం ఉన్నా పిల్లలతో కలిసి బయటికి వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం. వాళ్లు మన పిల్లాణ్ని ఒక మాట అంటారు, మన ముఖం మాడుతుంది, తిరుగు ప్రయాణంలో ఎవరికి వాళ్లు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటారు.

మా అత్తమ్మ ఇదంతా చూసి నవ్వుతుంది. "మా కాలంల పోరగాండ్లను వాకిట్ల ఇడిస్తె ఎవలింట్ల ఉన్నరో వాళ్లింట్లనే ఇంత తిని వచ్చెటోళ్లు" అంటుంది. ఆమె మాట విన్నప్పుడల్లా నాకు పోతన గుర్తొస్తాడు. ఆయన ఊరని మేం చెప్పుకునే బమ్మెర మా జిల్లాలోనే, పాలకుర్తి మండలంలో ఉంది. భాగవతం దశమ స్కంధంలో గోపికలు యశోద ఇంటి మీదికి వస్తారు కదా, నీ కొడుకు మా పాలు తాగాడు, వెన్న తిన్నాడు, దూడల్ని వదిలేశాడు అంటూ. చిన్నప్పుడు అది కృష్ణుడి అల్లరి అనుకుని ముచ్చటపడ్డాను. ఇద్దరు పిల్లల తల్లినయ్యాక ఆ ఫిర్యాదులు నాకు వేరేగా వినిపిస్తున్నాయి. ఊళ్లో ఏ ఇంటి తలుపూ ఆ పిల్లవాడికి మూసి లేదన్న మాట. వాడు ఎక్కడున్నాడో, ఏం తిన్నాడో ఊరి ఆడవాళ్లందరికీ ఎరుకే. యశోద ఒంటరిదైపోయేది వాణ్ని రోటికి కట్టేసేటప్పుడు. ఎంత తాడు తెచ్చినా రెండు అంగుళాలు తక్కువే అవుతుంది, ఆమె చెమటలు కక్కుతుంది. ఆ తల్లి అలసట చూసి కృష్ణుడే జాలిపడి కట్టించుకున్నాడట. మావాడికి అంత జాలి ఇంకా రాలేదు.

పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఇంచుమించు మా అత్తమ్మ మాటే అంటున్నారు. సారా బ్లాఫర్ హర్డీ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 2009లో 'మదర్స్ అండ్ అదర్స్' అని పుస్తకం రాసింది. మనిషి బిడ్డను తల్లి ఒక్కతే పెంచడం మన జాతి మొదటి నుంచీ ఎరగని సంగతి, అమ్మమ్మలు, పిన్నులు, అక్కలు, పక్కవాళ్లు తలా ఒక చెయ్యి వేస్తేనే పిల్లలు బతికి బట్టకట్టారు అని ఆమె వాదన. జనగామలో మూడో అంతస్తు అద్దె పోర్షన్‌లో ఇద్దరు పిల్లలతో పొద్దుపుచ్చే ఆడవాళ్లకు ఇది చెబితే కొంత ఊరట. మనకేదో చేతకాక కాదు, మూడు చేతుల పని రెండు చేతులతో చేస్తున్నాం.

ఇక మా ప్రయాణాలకు రెక్కలిచ్చింది 2023 డిసెంబరు 9న మొదలైన ఉచిత బస్సు ప్రయాణం. మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టి ఇస్తారు. ఐదేళ్ల లోపు పిల్లలకు టికెట్ అంతకుముందు కూడా లేదు. మిగిలే డబ్బు పెద్దదేం కాదు. కానీ ఇంట్లో డబ్బు అడగాలంటే ఎక్కడికి, ఎందుకు, ఇప్పుడే ఎందుకు అని మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఆ మూడు ప్రశ్నలు తప్పాయి. బస్సులో కిటికీలోంచి దస్తీ వేసి సీటు పట్టుకోవడం మాత్రం తప్పలేదు, సంతలా ఉంటుంది. "పనీపాటా లేక తిరుగుతున్నరు" అని వెనక సీట్లోంచి ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నిజమే, పనీపాటా లేకుండా కాసేపు తిరగడానికే ఎక్కాం.

పసిపిల్లలతో ఎక్కడికి వెళ్లాలన్నది వాళ్ల నిద్ర నిర్ణయిస్తుంది. ఒకటి, రెండేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మధ్యాహ్నం కునుకు తప్పితే సాయంత్రం ఏమవుతుందో ఆ సంస్థ చెప్పలేదు, మేం చెప్పగలం. అందుకే పొద్దున్నే బయల్దేరి ఎండ ముదరకముందే ఇల్లు చేరే దూరమే మాది. మామూలు సాయంత్రాలకు మా ఊళ్లోనే బతుకమ్మ కుంట ఉంది, ఉరకడానికి జాగా ఉంటే పిల్లలకు అంతకన్నా ఏం అక్కర్లేదు. యాదగిరిగుట్ట కూడా దగ్గరే. కానీ 2022 మార్చిలో కొత్త గుడి తెరిచాక క్యూలైన్లలో రెండేళ్ల పిల్లాణ్ని నిలబెట్టడం నరసింహస్వామికే పరీక్ష.

నన్నడిగితే చిన్నపిల్లలకు పెంబర్తిని మించింది లేదు. హైదరాబాద్ రోడ్డులో నాలుగడుగులు వేస్తే వచ్చే ఊరు. కాకతీయుల కాలం నుంచి ఇత్తడి పని చేస్తున్న విశ్వకర్మల ఊరని చెబుతారు. ఆ పనికి 2010లో జీఐ గుర్తింపు వచ్చింది, 2023లో కేంద్ర పర్యాటక శాఖ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. మా పిల్లలకు అవేవీ పట్టవు. వాళ్లకు పట్టింది చప్పుడు. ఒక పెద్దాయన రేకు మీద ఉలి ఆనించి చిన్న సుత్తితో టక్ టక్ మని కొడుతుంటే, చదునైన ఇత్తడిలోంచి ఒక రేక, ఇంకో రేక, ఆనక పువ్వు పైకి లేస్తుంది. ఒక్క నిమిషం కూడా కుదురుగా ఉండని నలుగురు పిల్లలూ నోరు తెరుచుకుని నిలబడ్డారు. మావాడికి సుత్తి కావాలి. ఏడుపు. ఆ పెద్దాయన పని ఆపి, ఒక చెక్క సుత్తి, సొట్టపోయిన గిన్నె చేతికిచ్చాడు. "కొట్టు బిడ్డా, అది ఎట్లాగూ పోయింది." మేమిద్దరం గోడకు ఆనుకుని కూర్చుని, నిమ్మళంగా, ఆడబిడ్డల గురించి మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను.

మగవాళ్లకు కొంచెం కినుక ఉంది. "మేం రావద్దా?" అన్నారు. రండి అన్నాం. వచ్చారు. నలుగురు పెద్దలు, నలుగురు పిల్లలు, రెండు బండ్లు. వాళ్లిద్దరూ క్రికెట్ మాట్లాడుకుంటూ ముందు నడిచారు, మేం పిల్లల్ని ఏరుకుంటూ వెనక. ఇంకో ఆదివారం ఆమె తెలివైన ఉపాయం చేసింది. నలుగురు పిల్లల్నీ వాళ్ల తండ్రులిద్దరికీ అప్పగించి మేం బజారుకు పోయాం. తిరిగొచ్చేసరికి పిల్లల చేతిలో ఫోన్లు ఉన్నాయి, నిజమే. కానీ అన్నం తిన్నారు, నలుగురినీ వరసగా కూర్చోబెట్టి తినిపించారట. ఆ కిటుకు మా ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మా మధ్య నడుస్తున్న పేచీ రామప్ప గుడి గురించి. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కినప్పటి నుంచి ఆమెకు చూడాలని ఉంది. ఆ గుడి ఉన్న పాలంపేట దాకా పసిపిల్లలతో వద్దంటాను నేను. నీళ్ల మీద తేలే ఇటుకల గోపురం, స్తంభాల మీద నాట్యగత్తెలు వీళ్లకేం అర్థమవుతాయి, ఐదారేళ్లు రానీ అన్నాను. ఆమె తీరిగ్గా చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంది.

"వాళ్లకెవలు చూపెడ్తాన్నరక్కా? మనం చూస్తాం. చెరువు గట్టున వాళ్లు మట్టిల ఆడుకుంటరు. వంతులేసుకుందాం, ముందు నువ్వు లోపలికి పో."

హన్మకొండ దాకా ఒక బస్సు, అక్కడ మారి ములుగు వైపు ఇంకోటి, ఆ తర్వాత ఆటో. ఎంత పొద్దున్నే బయల్దేరినా చిన్నోడి నిద్ర ఆటోలోనే పడుతుంది. పైగా ఆటోలో జీరో టికెట్ నడవదు. ఆ డబ్బు ఎవరు పెట్టాలో ఇంకా తేలలేదు.