సగం చిప్పులతో నిండిన 48కె

1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో క్లైవ్ సింక్లెయిర్ కంపెనీ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే హోమ్ కంప్యూటర్‌ను రెండు ధరల్లో విడుదల చేసింది. 16కె మెమరీ ఉన్నదానికి 125 పౌండ్లు, 48కె ఉన్నదానికి 175. పైకి చూస్తే రెండూ ఒకటే: అదే నల్ల డబ్బా, అవే రబ్బరు మీటలు, అదే జెడ్80 ప్రాసెసర్. తేడా అంతా లోపలి బోర్డు మీద పన్నెండు చిప్పులు ఉన్నాయా లేవా అన్నదే. ముందు చవకది కొనుక్కుని, చేతిలో డబ్బు ఆడాక ఆ పన్నెండూ తెచ్చి గుచ్చుకునేవాళ్లు. నలభై ఏళ్లు దాటినా పాత కంప్యూటర్ల మీద మమకారం ఉన్నవాళ్లు అదే పని చేస్తూనే ఉన్నారు. ఇప్పుడు ఆ 32కె ఎవరికీ అక్కరకు వచ్చేది కాదు. అయినా ఈ పని ఉబుసుపోక చేసే కాలక్షేపమని కొట్టిపారేయలేం. ఒక యంత్రం ధర దాని సర్క్యూట్‌లో ఎక్కడెక్కడ దాగి ఉంటుందో ఇందులో కనిపించినంత స్పష్టంగా మరోచోట కనిపించదు. కాకపోతే అది కనిపించాలంటే ఆ కాలపు చిప్పులనే, ఆ బోర్డు వదిలిన ఖాళీల్లోనే పెట్టాలి.

జెడ్80 ప్రాసెసర్ మొత్తం 65,536 స్థానాలను చూడగలదు. స్పెక్ట్రమ్‌లో మొదటి 16కె రామ్ కాదు, బేసిక్ భాష ఉన్న రోమ్. ఆ తర్వాతి 16కె రామ్. దానిలో 6,912 బైట్లు తెర మీది బొమ్మకే పోతాయి. సిస్టమ్ సొంత లెక్కలకు ఇంకొంత పోగా, ప్రోగ్రాం రాసుకునేవాడికి మిగిలేది సుమారు 9కె. అంతలోనే ‘జెట్‌పాక్’ లాంటి చక్కటి ఆటను ఇమిడ్చారు కానీ, ‘మానిక్ మైనర్’ ఆడాలంటే 48కె ఉండాల్సిందే. అదనపు 32కె వచ్చి చేరేది 32768వ స్థానం నుంచి. ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. కింది 16కెను ప్రాసెసర్ ఒక్కటే వాడుకోదు. తెరను గీసే యూఎల్‌ఏ అనే చిప్పు కూడా అందులోంచే చదువుతుంది. అది చదువుతున్నంతసేపూ, అదే మెమరీ కావాల్సి వస్తే ప్రాసెసర్ ఆగాలి. పై 32కె జోలికి యూఎల్‌ఏ రాదు కాబట్టి అక్కడ పెట్టిన కోడ్ ఎక్కడా ఆగకుండా నడుస్తుంది. అంటే 16కె స్పెక్ట్రమ్ కొన్నవాడికి తగ్గింది చోటు మాత్రమే కాదు, అడ్డులేని మెమరీ అన్నదే అతని యంత్రంలో లేదు. ఆ 50 పౌండ్ల తేడాలో ఈ వేగం కూడా కలిసి ఉందని అప్పటి ప్రకటనలు చూసి ఊహించడం కష్టం.

ఆ 50 పౌండ్లకే 32కె ఎలా ఇవ్వగలిగారన్నది ఇంకా ఆసక్తికరం. స్పెక్ట్రమ్ పై మెమరీకి వాడిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 4532, ఓకీ 3732 చిప్పులు నిజానికి 64 కిలోబిట్లవి. అప్పటికి 64కె చిప్పులు కొత్తవి, ఖరీదైనవి. తయారీలో ఒక సగం చెడిపోయి రెండో సగం బాగున్నవాటిని పారేయకుండా, ఆ మంచి సగం వరకే లెక్కగట్టి 32కె చిప్పులుగా అమ్మేవారు. పుచ్చు వంకాయను కోసి, బాగున్న ముక్కను కూరలో వేసుకునే పొదుపు ఇది. 1960ల్లో పెద్ద కంపెనీలు పక్కన పెట్టిన ట్రాన్సిస్టర్లను కొని, పరీక్షించి, పనికొచ్చేవి ఏరి అమ్మిన సింక్లెయిర్‌కు ఈ బేరం కొత్త కాదు. అయితే మంచి సగం అన్ని చిప్పుల్లోనూ ఒకేవైపు ఉండదు కదా. అందుకని టెక్సాస్ చిప్పు పేరు చివర 3 ఉంటే ఒక సగం, 4 ఉంటే రెండోది. ఓకీ వాళ్లయితే ఎల్, హెచ్ అని ముద్రించేవారు. పన్నెండింటిలో మెమరీవైన ఎనిమిది చిప్పులూ ఒకే తయారీదారువి, ఒకే సగానివి అయి ఉండాలి. అవి ఏవో బోర్డుకు తెలియడానికి చిన్న తీగ ముక్కలతో లింకులు వేయాలి. ఈనాడు ఈ పని చేసేవాళ్లు ఎక్కువగా నిండు 64కె చిప్పు 4164నే వాడతారు. అందులో రెండు సగాలూ బాగుంటాయి కాబట్టి లింకు ఏ సగం వైపు ఉన్నా నడుస్తుంది. సగం చిప్పు ఖాళీగా పడి ఉంటుంది, అంతే. ఒకప్పుడు ఆదా కోసం కనిపెట్టిన ఏర్పాటులో ఇవాళ మంచి సగాన్ని వృథా చేయడం విడ్డూరమే.

మిగిలిన నాలుగు చిప్పులు మెమరీవి కావు, దాన్ని నడిపించేవి. 64కె చిప్పుకు పదహారు కాళ్లే ఉంటాయి. పదహారు బిట్ల అడ్రసును ఒకేసారి అందించడానికి అవి చాలవు. అందుకే ముందు వరుస, తర్వాత నిలువు అని అడ్రసును రెండు విడతల్లో, అవే ఎనిమిది కాళ్ల మీదుగా పంపుతారు. ఆ మార్పిడి చేసేవి రెండు 74ఎల్‌ఎస్157లు. ఏ విడత ఎప్పుడు వెళ్లాలో సంకేతాలు ఇవ్వడానికి ఒక 74ఎల్‌ఎస్32, ఒక 74ఎల్‌ఎస్00. ఇంతటితో అయిపోలేదు. ఈ చిప్పుల్లో ఒక్కో బిట్ అంటే ఒక సూక్ష్మమైన కెపాసిటర్‌లో నిలిచిన ఛార్జి. కొన్ని మిల్లీసెకండ్లకే అది హరించుకుపోతుంది, ఆలోగా ప్రతి వరుసనూ ఒకసారి తాకి మళ్లీ నింపాలి. జెడ్80లో ఆర్ అనే రిజిస్టర్ ఉన్నది ఇందుకే. ప్రతి ఆదేశాన్ని తెచ్చుకున్నాక దొరికే చిన్న విరామంలో అది తర్వాతి వరుస సంఖ్యను అడ్రసు తీగల మీద పెడుతుంది. దీనికోసం విడిగా సర్క్యూట్ కట్టుకోనక్కర్లేదు. చవక కంప్యూటర్లు కట్టినవాళ్లు ఈ ప్రాసెసర్‌ను ఎంచుకోవడానికి ఇదొక బలమైన కారణం.

చిప్పులు పెట్టాక స్విచ్ వేస్తే తెర ఒక్క క్షణం నల్లబడి, సన్నని ఎర్రటి నిలువు గీతలు మెరిసి మాయమవుతాయి. ఆ క్షణంలో రోమ్ మెమరీలోని ప్రతి స్థానంలోనూ 2 అనే అంకె రాస్తోంది. రంగుల లెక్కలో 2 అంటే నలుపు మీద ఎరుపు. బొమ్మ లెక్కలో ఎనిమిది చుక్కలకు ఒకటి. అందుకే ఆ గీతలు. తర్వాత కింది నుంచి పైకి చదువుకుంటూ పోయి, రాసింది రాసినట్టు లేని మొదటి చోట ఆగి, మెమరీ అక్కడికే ఉందనుకుంటుంది. ప్రింట్ పీక్ 23732 + 256 * పీక్ 23733 అని అడిగితే 65535 రావాలి. 32767 వచ్చిందంటే యంత్రం ఇంకా తనను 16కె గానే అనుకుంటోంది. అప్పుడు 40000వ స్థానంలో సున్నా రాసి చదవాలి. 32 కనిపిస్తే (సున్నా నుంచి లెక్కిస్తే) ఐదో బిట్ మొండికేసిందని అర్థం. ఒక్కో బిట్‌కు ఒక్కో చిప్పు కాబట్టి మొదట అనుమానించాల్సింది ఎనిమిదింటిలో ఆ ఒక్కదాన్నే. బేసిక్‌లో రెండు వరుసలతో ఫలానా చిప్పు అని వేలు పెట్టి చూపగలిగే సౌకర్యం ఇప్పటి కంప్యూటర్లు వాడేవాళ్లకు లేదు.

ఇంత శ్రమ దేనికి, ఎమ్యులేటర్‌లో మెనూ తెరిచి 48కె అని నొక్కితే చాలదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. ఆటలు ఆడటానికే అయితే చాలు. పైగా ఆ ఆటలు చెరిగిపోకుండా కాపాడింది ఎక్కువగా ఎమ్యులేటర్లు రాసినవాళ్లే. యూఎల్‌ఏ కోసం ప్రాసెసర్ ఎన్ని క్షణాంశాలు ఆగుతుందో కూడా మంచి ఎమ్యులేటర్ కచ్చితంగా చూపిస్తుంది. కానీ అక్కడ 16కెకూ 48కెకూ తేడా ఒక సంఖ్య మాత్రమే. సగం చిప్పు, లింకు తీగ అన్నవి ఆ లెక్కలోకి రానే రావు. రెండో ప్రశ్న ఇంకా గట్టిది: ఇలా మళ్లీ మళ్లీ నింపే (రిఫ్రెష్) అవసరం లేని స్టాటిక్ రామ్ ఒక్కటి బిగించిన చిన్న బోర్డులు ఇప్పుడు దొరుకుతున్నాయి, అవే గుచ్చితే సరిపోదా? సరిపోతుంది. అవి తక్కువ వేడెక్కుతాయి కూడా. నడిచే యంత్రం చాలనుకునేవాడు అదే చేయాలి. అర్థం చేసుకోవాలనుకునేవాడికి మాత్రం ఆ బోర్డు ఎమ్యులేటర్‌కు అన్నదమ్ముల వరసే. ఆర్ రిజిస్టర్ తిరుగుతూనే ఉంటుంది కానీ దాని మాట వినేవాళ్లు పై మెమరీలో ఉండరు.

అసలు 16కె యంత్రాన్ని ముట్టుకోవడమే తప్పు, అది ఒక చారిత్రక వస్తువు అనేవాళ్లూ ఉన్నారు. తొలి రకం బోర్డుల విషయంలో వాళ్లతో ఏకీభవించక తప్పదు. వాటిలో అదనపు మెమరీ ఒక చిన్న పిల్ల బోర్డు మీద వచ్చేది, ఆ బోర్డులే ఇప్పుడు అరుదు. ఇష్యూ 2 నుంచి మాత్రం చాలా 16కె బోర్డుల మీద సాకెట్లు ఖాళీగా ఉంచి పంపారు. డిజైన్ చేసినవాళ్లే చోటు వదిలిన దగ్గర చిప్పు పెట్టడాన్ని పాడుచేయడం అనలేం. కావాలంటే పన్నెండూ పీకేసి మళ్లీ 16కె చేసుకోవచ్చు. మన దేశంలో 1986లో లైసెన్సుతో వచ్చిన డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ నిండుగా 48కెతోనే వచ్చింది కాబట్టి దాన్ని కొన్న ఇక్కడివాళ్లకు ఈ ఖాళీ సాకెట్లు ఎదురుకాలేదు.

పాత చిప్పులే వాడాలన్న పట్టుదలను కింది 16కె దగ్గర మాత్రం సడలించాలి. అక్కడున్న 4116 చిప్పులకు ప్లస్ 12, ప్లస్ 5, మైనస్ 5 అని మూడు వోల్టేజీలు కావాలి. మైనస్ 5 ఆగిపోయి మిగతావి వస్తూ ఉంటే అవి కాలిపోతాయి. ఆ వోల్టేజీలను పుట్టించే భాగంలో టీఆర్4 అనే ట్రాన్సిస్టర్ తరచూ చెడేదే. అందుకే పై సాకెట్లలో ఏదైనా పెట్టేముందు మల్టీమీటర్‌తో ఈ మూడూ సరిచూసుకోవాలి. చెడిన 4116 స్థానంలో మరో పాత 4116 వెతకడం కంటే 5 వోల్టులతోనే బతికే 4164 పెట్టడం మేలు. అయితే పెట్టేముందు బోర్డులో మార్పు చేయాలి. 4116కు ఎనిమిదో కాలు దగ్గర 12 వోల్టులు వస్తాయి. 4164కు అదే కాలు 5 వోల్టులది. ఈ తేడా మరిచి చిప్పు గుచ్చి స్విచ్ వేస్తే కొత్త చిప్పు అక్కడికక్కడే పోతుంది.