రీలును నొప్పించని చేయి

మొయినాబాద్ నుంచి చేవెళ్లకు మర్రిచెట్ల నీడలో పోతుంటే నాకు ప్రచార శాఖ వ్యాను గుర్తొస్తుంది. తెల్లగుడ్డ కట్టి ఊళ్లకు బొమ్మ చూపించిన 16 ఎంఎం ప్రొజెక్టర్ అందులో ఉండేది. ఇవాళ పాత రీళ్ల కోసం అలాంటి మిషన్‌ను వెతికి సిద్ధం చేసే మెకానిక్ పనితనమంటే నాకు ప్రాణం.

అతను ముందు చూసేది రీలునే. వెనిగర్ వాసన వస్తే అసిటేట్ చెడిపోవడం మొదలైనట్టే. ఏళ్లు గడిచి ఎంత కుంచించుకుపోయిందో కొలిచి చూస్తాడు. మూకీ రీలుకు సాధారణంగా రెండంచులా రంధ్రాలుంటాయి. మాటలున్న రీలుకు ఒక్క అంచునే రంధ్రాలు, రెండో అంచున సౌండ్ ట్రాక్. ఆ రీలును రెండువైపులా పళ్లున్న చక్రం మీదికి ఎక్కిస్తే మాటలన్నింటికీ చిల్లులు పడతాయి. అందుకే ఒకవైపే పళ్లున్న మిషన్‌ను ఏరుకుంటాడు.

గట్టిపడ్డ రబ్బరు బెల్టు మారుస్తాడు. ఫిల్మ్ గేటును మెత్తని గుడ్డతో తుడుస్తాడు. మండిపోయే పాత బల్బు తీసి ఎల్ఈడీ బిగిస్తాడు, ఫిల్మ్ కాలే భయం బాగా తగ్గుతుంది. ఇక సెకనుకు 24 బొమ్మలు, నిమిషానికి 36 అడుగుల పరుగు. ఫిల్మ్ లూపు చప్పుడు కాస్త మారినా చాలు, అతని చేయి అప్పటికే స్విచ్ మీద ఉంటుంది.