ఎసరు తెలిస్తేనే రొట్టె

బోధన్ నుంచి సాలూర మీదుగా మంజీర వంతెన దాటితే మహారాష్ట్ర. నాందేడ్ జిల్లా బిలోలి తాలూకా అక్కడే మొదలవుతుంది. 1956 నవంబరు 1 దాకా నదికి రెండు వైపులా ఉన్నది ఒకే హైదరాబాద్ రాష్ట్రం. భాషల లెక్కన పంచినప్పుడు నాందేడ్ జిల్లాలోని ముధోల్ ఇటు ఆదిలాబాద్‌లో కలిసింది. బిలోలి, కుండల్‌వాడి, ధర్మాబాద్ ముందు బొంబాయి రాష్ట్రానికి, 1960లో మహారాష్ట్రకు వెళ్ళాయి. తెలుగు మాట్లాడే ఇళ్ళు అటూ మిగిలాయి, మరాఠీ మాట్లాడే ఇళ్ళు ఇటూ మిగిలాయి. పొద్దున పొయ్యి మీద పెనం కాగేది మాత్రం రెండు వైపులా జొన్నరొట్టె కోసమే.

ఇంట్లో వంట నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఈమధ్య మసాలాల పట్టిక ముందేసుకుని కూర్చుంటున్నారు. బిలోలి వైపు పద్ధతి దానికి తలకిందులు. ఇక్కడి వంటకు కావలసిన ముఖ్యమైన సరుకులు చేతి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు: జొన్నపిండి, శనగపిండి, పుంటికూర, పచ్చిమిర్చి, ఎల్లిపాయ, పల్లీలు, నూనె, ఉప్పు. సరుకులు ఇంత తక్కువైనప్పుడు తప్పు దాచుకోవడానికి చోటుండదు. నీళ్ళ వేడి, పిండి వయసు, మంట తీరు, ఈ మూడూ తెలిసినవాళ్ళకే ఈ తిండి లొంగుతుంది.

ముందు పిండి సంగతి. జొన్నలో కొవ్వు ఉంది, అది ఎక్కువగా మొలక భాగంలో ఉంటుంది. మర పట్టించగానే ఆ కొవ్వుకు గాలి తగులుతుంది. రోజులు గడిచేకొద్దీ పిండి చేదెక్కుతుంది, రొట్టె తడుతుంటే అంచులు విచ్చుకుంటాయి. అందుకే జొన్నలు వేపాకు కలిపి బస్తాలో దాచుకుని, వారం పది రోజులకు సరిపడా మాత్రమే గిర్నీకి పంపేవాళ్ళు. ఊళ్ళో గిర్నీ పక్కనే ఉన్నా, బజారులో కిలో పాకెట్టు కొనుక్కొచ్చి, రొట్టె రావడం లేదని తమ చేతిని తిట్టుకునేవాళ్ళు ఎందరో! తప్పు చేతిది కాదు, పాకెట్టుది.

ఏ జొన్న అన్నదీ ముఖ్యమే. వానాకాలం జొన్న గింజ పాలు పోసుకుని గట్టిపడే వేళకు వాన తగిలితే బూజు పట్టి నల్లబడుతుంది. యాసంగి జొన్నను వానలు తగ్గాక విత్తుతారు. నల్లరేగడిలో మిగిలిన తేమతోనే అది పెరిగి మంచులో పండుతుంది కాబట్టి గింజ తెల్లగా, ముత్యంలా ఉంటుంది. మహారాష్ట్రలో మాల్‌దండి అనే పాత రకానికి, దాని నుంచి ఎంచిన ఎం 35-1కి ఇప్పటికీ ఉన్న గిరాకీ ఈ రొట్టె వల్లనే. 1964లో మన దేశపు మొదటి సంకర జొన్న సీఎస్‌హెచ్-1 వచ్చింది. దిగుబడి పెంచింది గానీ రొట్టె తినేవాళ్ళ మనసు గెలవలేదు. తరవాత వానాకాలం పొలాల్లో సోయాబీన్ పరుచుకుంది, జొన్న చాలావరకు యాసంగికే పరిమితమైంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక నగరాల్లో జొన్నకు గౌరవం పెరిగింది, మంచిదే. కానీ గౌరవంతో రొట్టె పొంగదు.

ఇక ఎసరు. గోధుమపిండిలో నీళ్ళు పోసి పిసికితే సాగే జిగురు పుడుతుంది. జొన్న మాంసకృత్తులకు ఆ గుణం లేదు. చల్లటి నీళ్ళతో కలిపితే ముద్దయినట్టే అయి, తట్టగానే పగులుతుంది. మరిగే నీళ్ళు పోస్తే పిండిలోని గంజి పదార్థం కొంత ఉడికి జిగటవుతుంది, ఆ జిగటే రొట్టెను పట్టి ఉంచుతుంది. వినాయకచవితి ఉండ్రాళ్ళకు బియ్యపు రవ్వను, జిల్లేడుకాయలకు బియ్యప్పిండిని ఎసట్లో పోసి ఉడికించడం వెనకా, మరాఠీ ఇళ్ళలో మోదకాల పైపొరకు పిండి ఉడకబెట్టడం వెనకా ఉన్నది ఈ కిటుకే. దక్షిణ చైనాలో రొయ్యల కుడుములకు అద్దంలాంటి పైపొర చేసేవాళ్ళు జిగురు తీసేసిన గోధుమ గంజిపొడి మీద సలసల మరిగే నీళ్ళు పోస్తారు. ఆసియా వంట నేర్చుకోవాలని దూరదేశాల పుస్తకాలు తెప్పించుకునేవాళ్ళు ముందు ఈ ఒక్క పని చేత పట్టించుకుంటే సగం దారి నడిచినట్టే.

పిండి మొత్తం ఒకేసారి కలిపి పెట్టుకోకూడదు, ఆరిపోతుంది. వెడల్పాటి పళ్ళెం, పరాతులో పిండి పోసి, నడుమ గుంట చేసి ఎసరు పోసి, గరిటె కాడతో తిప్పి, చెయ్యి పట్టే వేడికి వచ్చాక ఒక్క రొట్టెకు సరిపడా ముద్ద తీసి అరచేతి మడమతో గట్టిగా రుద్దాలి. రుద్దే కొద్దీ ముద్ద నునుపెక్కుతుంది. కింద పొడిపిండి చల్లి, కుడిచేత్తో తడుతూ ఎడమచేత్తో అంచు కాస్తుంటే రొట్టె తనంతట తానే తిరుగుతూ విస్తరిస్తుంది. తిరగడం ఆగితే అడుగున పిండి తక్కువైందని గుర్తు. చపాతీ కర్రతో చేసేవాళ్ళున్నారు, ప్లాస్టిక్ కాగితాల మధ్య నొక్కేవాళ్ళూ ఉన్నారు. కొత్తవాళ్ళకు తప్పు లేదు గానీ, తట్టిన రొట్టెలోని మెత్తదనం నొక్కినదానికి రాదనే నా పట్టుదల.

పెనం మీద వేసేటప్పుడు పొడిపిండి అంటిన వైపు పైకి రావాలి. వెంటనే దాని మీద తడిచెయ్యి నిమరాలి. ఆ నీళ్ళు పొడిపిండిని కడిగి, ఉపరితలం పగలకుండా మూస్తాయి. నీళ్ళు ఆరీ ఆరకముందే తిప్పాలి. ఎక్కువమందికి రొట్టె పొంగనిది ఇక్కడే: పూర్తిగా ఆరనిస్తే పైన సన్నటి పగుళ్ళు వచ్చి, లోపలి ఆవిరి దారి వెతుక్కుని పోతుంది. రెండోవైపు బాగా కాలాక, మొదట కాస్తే కాలిన వైపును నిప్పుల మీదికి తిప్పితే ఆవిరి రెండు పొరలనూ విడదీస్తుంది. కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో పొయ్యి నోటి దగ్గర నిప్పులు ఎగదోసి, వాటికి ఆనించి నిలబెడతారు. గ్యాసు మంట మీదా పొంగుతుంది, ఆ వాసన మాత్రం రాదు.

రొట్టెకు జత పిఠ్లం. నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎల్లిపాయ, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ వేగాక పసుపు వేసి నీళ్ళు పోసి మరిగించాలి. శనగపిండిని చల్లటి నీళ్ళలో జారుగా కలిపి ఆ మరుగులో పోసి, మూత పెట్టి సన్నమంట మీద పచ్చివాసన పోయేదాకా ఉంచాలి. నీళ్ళు తగ్గించి పొడిపొడిగా దింపితే ఝుణక.

పుంటికూర దగ్గర మాత్రం నదికి రెండు వైపుల వాళ్ళకూ కాస్త తగాదా. అటువైపు మరాఠ్వాడా పద్ధతిలో పుంటికూరను, వాళ్ళ మాటలో అంబాడీని, ఉడికించి, పులుపు నీళ్ళు పిండేసి, కందిపప్పుతోనో జొన్న నూకతోనో మళ్ళీ మెత్తగా ఉడికించి, తినేముందు పైన ఎల్లిపాయ కాగిన నూనె పోసుకుంటారు. పులుపు పారబోయడానికి తెలుగు నాలుకకు మనసొప్పదు. పుంటికూర పప్పు, తొక్కు అంటే పులుపే కదా. అయినా జొన్న నూక వేసిన అంబాడీని వేడివేడిగా తిన్నాక నేను ఆ వాదన మానుకున్నాను. నూక ఆకు రసాన్నంతా పీల్చుకుని, జొన్న నూకతో వండే తెలంగాణ గటకకు దగ్గరి చుట్టం అనిపిస్తుంది.

ధర్మాబాద్ ఎండుమిర్చికి పేరున్న మార్కెట్టే అయినా, రొట్టెలోకి నంజుకునేది పచ్చిమిర్చే. రొట్టెలు దించిన పెనం మీద చుక్క నూనె వేసి, మిరపకాయలు, ఎల్లిపాయలు మచ్చలు పడేదాకా వేయించి, ఉప్పు చల్లి, చెంబు అడుగుతో అక్కడే నలిపేస్తారు. అదే ఠేచా. రోలు కడిగే పని లేదు, మిక్సీలో మాత్రం వేయకూడదు. నలిగిన మిర్చికి, గుజ్జయిన మిర్చికి రుచిలో పోలికే లేదు.

మిగిలిన రొట్టె మర్నాటికి గట్టిపడుతుంది. దాన్ని చేత్తో చిదిపి, మజ్జిగ చిలకరించి కాసేపు ఉంచి, ఆవాలు, పల్లీలు, ఉల్లిగడ్డ, కరివేపాకు తాలింపులో వేసి మూత పెడితే కుస్కరా. మజ్జిగ ఎక్కువైతే ముద్దవుతుంది, చాలకపోతే గొంతుకు అడ్డం పడుతుంది. పల్లీలు కొంచెం ఎక్కువే వేసుకోండి.