పేరంటాల కనుమ: ఒక స్థలకథ, దాని పరిశీలన

ఆకివీడు ప్రాంతపు విద్యార్థులకు పాఠం చెబుతున్నప్పుడు నాకొక లోటు తరచు కనిపిస్తుంది. వరూధిని మనస్తత్వం మీద నాలుగు పుటలు రాయగలవారు, తమ ఊరి పక్కన పారే ఉప్పుటేటి కథ మీద నాలుగు వాక్యాలు రాయలేరు. తప్పు వారిది కాదు. ఆ కథ కూడా విమర్శకు తగిన వస్తువేనని మనం వారికి ఎన్నడూ చెప్పలేదు.

కథ చిన్నది. కొల్లేటి నడుమ లంక మీద కొల్లేటికోట ఉంది. అది లాంగూల గజపతిది. శత్రువైన మహమ్మదీయ సేనాని ఒడ్డున చిగురుకోటలో దిగాడు. చుట్టూ నీరున్నంతకాలం కోట చిక్కదు. అందుచేత సరస్సును సముద్రంలోకి దించడానికి కాలువ తవ్వించాడు. అదే ఉప్పుటేరు. అప్పుడు ఒరియా సేనాని దేవతల అనుగ్రహం కోరి తన కన్నకూతురినే ఆ కాలువలో బలి ఇచ్చాడు. ఆ కారణంగా దానికి పేరంటాల కనమ అనే పేరు వచ్చిందట.

దీన్ని పుస్తకం నుంచి పుస్తకానికి ఎత్తి రాసుకోవడమే ఇంతవరకు జరిగిన పరిశీలన. నిలిపి అడిగిన ప్రశ్నలు తక్కువ. మొదటి ప్రశ్న కాలం గురించి. ఒరియా చరిత్రలో లాంగూల నరసింహుడని పేరుపొందినవాడు కోణార్క ఆలయం కట్టించిన మొదటి నరసింహదేవుడు. అతడు పాలించింది 1238 నుంచి 1264 వరకు. ఢిల్లీ సుల్తానుల అధికారం గోదావరి తీరానికి వచ్చింది 1323 తరువాత. కపిలేశ్వరుడితో మొదలైన గజపతి వంశానికీ బహమనీలకూ కొండపల్లి, రాజమహేంద్రవరాల కోసం పోరు నడిచింది 15వ శతాబ్దంలో. అంటే ఈ కథలో రాజు ఒక శతాబ్దం వాడు, యుద్ధం మరొక శతాబ్దానిది. దీన్ని మతయుద్ధ గాథగా చదివి ఉద్రేకపడేవారు ముందు ఈ లెక్క చూసుకోవాలి.

రెండవ ప్రశ్న కథలోని తర్కం గురించి. చెరువు గట్టు నిలవడానికి, కట్ట తెగకుండా ఉండడానికి కట్టించేవాడు బలి ఇచ్చే కథలు మన దేశంలో చాలా ఉన్నాయి. ఇక్కడ తవ్వేవాడు శత్రువు, బలి ఇచ్చేవాడు కోటను కాచేవాడు. అతని కోరిక ఫలించిందో లేదో కథ చెప్పదు. పైగా సముద్రపు పోటు ఎక్కివచ్చే అరవై కిలోమీటర్ల ఏటిని ముట్టడికి వచ్చిన దండు తవ్విందంటే నమ్మేదెలా? ఒక ఏరు ఎలా పుట్టిందో చెప్పే కథ వేరు, ఒక కోట ముట్టడి కథ వేరు. రెండూ ఎక్కడో అతుక్కున్నాయని నా అభిప్రాయం.

అన్నిటికంటె ముఖ్యమైనది మూడవ ప్రశ్న. ఆ పిల్ల పేరేమిటి? ఇంగ్లీషు వర్ణనలు పేరంటాల కనమ అనేదే ఆమె పేరన్నట్లు రాశాయి. తెలుగు చెవికి అది పేరులా వినిపించదు. కనుమ అంటే కొండల నడుమ దారి, సందు. పేరంటాలి పేర వెలసిన సందు కాలువ అని అర్థం చెబితే, అది ఏటి పేరు అవుతుంది గాని పిల్ల పేరు కాదు. కాదు, కనకమ్మ వంటి పేరే ఇంగ్లీషు అక్షరాల్లో అలా చెడిందని ఎవరైనా అనవచ్చు. ఆ అక్షరాలు ఏ సంగతీ తేల్చవు. నేను మొదటి అర్థం వైపే మొగ్గుతాను. అదే నిజమైతే ఈ పరిశీలన కాలువను తీసుకువచ్చి పిల్ల పేరుగా పెట్టింది. తండ్రికి పదవి ఉంది, రాజుకు బిరుదు ఉంది. చచ్చిపోయిన పిల్లకు పేరే లేదు.

ఇటువంటి కథలు ఐర్లండులోనూ ఉన్నాయి. షానన్, బాయిన్ నదులు సినాన్, బోయాన్ అనే స్త్రీలను ముంచి వారి పేర్లే పొందాయని అక్కడి మధ్యయుగపు స్థలపురాణాలు చెబుతాయి. నిషిద్ధమైన బావి దగ్గరకు వెళ్లడం వారి తప్పు. వాటి వచన పాఠాలను 1890లలో అచ్చువేసిన విట్లీ స్టోక్స్ అంతకు ముందు ఇరవై ఏళ్లు మన దేశంలో ఉద్యోగం చేసినవాడే. 1877 నుంచి 1882 వరకు వైస్రాయి సభలో న్యాయసభ్యుడు. పద్యపాఠాలను ఎడ్వర్డ్ గ్విన్ 1903, 1935 మధ్య అయిదు సంపుటాలుగా తెచ్చాడు. ప్రతులు పక్కపక్కన పెట్టి, ఏ పాఠంలో ఏం మారిందో చూపారు. మన ఉప్పుటేటి కథకు ఆ పాటి గౌరవం దక్కలేదు. పాలకుడు తన ఇంటి కథను పాఠభేదాలతో సహా దాచుకుని, మన కథను జిల్లా వర్ణనలో ఒక వింతగా పేర్కొని ఊరుకున్నాడు.

మనవారు మాత్రం ఏం చేశారు? కట్టమంచి రామలింగారెడ్డి 1899లో ముసలమ్మ మరణం రాశారు. బుక్కరాయసముద్రం చెరువు తెగకుండా ఊరిని కాపాడడానికి ప్రాణమిచ్చిన కోడలి కథ అది. గ్రామీణ స్త్రీని కావ్యనాయికను చేసినందుకు ఆయనకు మనం రుణపడి ఉన్నాం. కాని బలిని త్యాగంగా మలచినప్పుడు, బలి అడిగినవారిని ప్రశ్నించే అవసరం తప్పిపోతుంది. కొల్లేటి పిల్ల విషయంలో ఆ ఓదార్పు కూడా లేదు. ఆమె సమ్మతిని కథలో ఎవరూ అడగలేదు.

ఇక మన అభ్యుదయ విమర్శకుల సంగతి. భూస్వామ్య యుగపు మూఢనమ్మకం అని ఒక ముద్ర వేసి పుస్తకం మూసేస్తాం. అది నిజమే గాని, విమర్శ అక్కడ ముగియదు, మొదలవుతుంది. పురాణాన్ని ఊళ్లోకి నడిచి వెళ్లి చదవాలని 1962లో మిత్ అండ్ రియాలిటీ గ్రంథంలో కోశాంబి చూపించాడు. ఇక్కడ ఒక మాట చూడండి. ఒడ్డె అంటే ఓఢ్రదేశపువాడు. చెరువులు, కాలువలు తవ్వే శ్రామిక కులానికీ మన భాషలో అదే పేరు. కాలువ కథలోకి ఒరియా సేనాని రావడానికి ఈ మాట దారి చూపిందేమో! బలి అయింది ఒక సేనాని కూతురా, మట్టి తవ్విన కూలి కూతురా? నేను రుజువు చేయలేను. అడగకుండానూ ఉండలేను.

పేరంటాలు అంటే ముత్తయిదువ. భర్తతోపాటు చితి ఎక్కినదానికీ ఆ మాట వాడారు. కన్నతండ్రి చంపిన పిల్లకు జనం ఆ మాట ఇచ్చారంటే, అది జాలి అయినా కావాలి, నేరాన్ని పూజలో కప్పిపెట్టడమైనా కావాలి. రెండూ కలిసే ఉన్నాయని నేననుకుంటాను.

విద్యార్థి మిత్రులకు నా మనవి ఒకటే. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు లంక గ్రామాల్లో ముసలివాళ్లను, ముఖ్యంగా స్త్రీలను, ఈ కథ చెప్పమని అడగండి. చెప్పినది చెప్పినట్లు రాయండి. సరిదిద్దకండి. 2006లో కొల్లేటిలో చేపల చెరువుల గట్లు కొట్టినప్పుడు కూడా, నీరు కదలడానికి ఎవరు నష్టపోవాలన్న ప్రశ్నే లేచింది. ఉప్పుటేటి కథ ఆ ప్రశ్నకు చాలా పాత జవాబు. ఆ జవాబులో పేరు పోగొట్టుకున్న పిల్లను వెతకడం సాహిత్య విమర్శ పని కాదని ఎవరైనా అంటే, నేను ఒప్పుకోను.