గోదారంత వెడల్పు

ధవళేశ్వరం దాటాక సముద్రం దాకా మా నేలకి ఎత్తు లేదు. పాపికొండల దగ్గర లాంచీలో కూర్చుని ఫొటో తీస్తే రెండు పక్కలా కొండలే చట్రం కట్టిపెడతాయి. కింద డెల్టాలో ఆ సాయం చేసేవాళ్లెవరూ లేరు. నీళ్లు, లంకలు, చేలు, కాలవ గట్లు, అన్నీ అడ్డంగా పోయేవే. అందుకే ఫోన్లో పనోరమా కనబడగానే మావాళ్లకి ప్రాణం లేచొస్తుంది. రాజమండ్రి పుష్కరాల రేవులో ఏ సాయంత్రం చూసినా చేతులు బారజాపి, ఊపిరి బిగబట్టి, మెల్లగా గుండ్రంగా తిరిగేవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. ఇంటికెళ్లి చూసుకుంటే పైన సగం ఆకాశం, కింద సగం నీళ్లు, మధ్యలో పెన్సిల్ గీతంత కొవ్వూరు!

వెడల్పు పట్టడం పెద్ద విద్యేమీ కాదు, అది ఫోనే చేసిపెడుతుంది. ఆ వెడల్పులో నిలువుగా నిలబడేది ఒక్కటైనా వెతుక్కోవాలి. ఎక్కడ మొదలెట్టి ఎక్కడ ఆపుతామో తిరగకముందే తేల్చుకోవాలి. కొత్తగా తీసేవాళ్లు ఈ రెండూ వదిలేసి, ఎంత ఎక్కువ తిరిగితే అంత గొప్ప ఫొటో అనుకుంటారు.

మా మేనల్లుడూ అలాగే అనుకున్నాడు. కోటిలింగాల రేవులో వాడు ఎడమ నుంచి కుడికి తిరుగుతుంటే ఒక చేపల నావ కూడా అటే వెళ్తోంది. ఫొటోలో ఆ నావ మూడుచోట్ల వచ్చింది. తెడ్డు వేసే మనిషీ ముగ్గురయ్యాడు. మూడో నావకి ముందు భాగం లేదు. కాసేపటికి ఆయన రేవుకొచ్చి వల దులుపుకుంటుంటే వీడు వెళ్లి చూపించాడు. ఆయన ఫోను దూరంగా పట్టుకుని చూసి, "మూడు నావలు నాకెక్కడివండీ బాబూ! ఉన్నదొక్కటేనండి, దాని మీదా అప్పుందండి" అన్నాడు.

"ఇదేంటి మావయ్యా ఇలా వచ్చింది?" అని వాడు నామీద పడ్డాడు. ఫోను తీసేది ఒక్క ఫొటో అయితే కదా! సన్నటి నిలువు పట్టీలు వరసగా తీసి, ఒకదాని అంచు ఇంకోదానికి కలిపి అతికిస్తుంది. మనం తిరిగే వైపే వెళ్లేది పట్టీ పట్టీలోనూ దొరుకుతూ ఉంటుంది, సాగుతుంది. ఎదురొచ్చేది కుంచించుకుపోతుంది. నావ దాటిపోయేదాకా కూర్చోవడమే దీనికి మందు. రేవు మెట్ల మీద కూర్చోవడానికి గోదావరి జిల్లా మనిషికి ఒకరు నేర్పాలా?

నీళ్లతో ఇంకో పేచీ ఉంది. అతికేటప్పుడు రెండు పట్టీల్లోనూ ఒకేలా ఉన్న గుర్తు కావాలి. అల నిమిషం ఒక తీరున ఉండదు. వట్టి నీళ్లే నిండిన చోట అతుకు తప్పుతుంది. అందుకని పట్టీ పట్టీలోనూ అవతలి ఒడ్డో, లంకో కాస్త ఉండేలా చూసుకోవాలి.

నిలువుకి కోనసీమలో కరువేముంది, కొబ్బరిచెట్టు ఉందిగా అంటారు. ఉంది. దగ్గరున్న కొబ్బరిచెట్టే ముందు విరుగుతుంది కూడా. ముక్కు ముందు వేలు పెట్టుకుని ఒకసారి ఈ కన్నూ, ఒకసారి ఆ కన్నూ మూసి చూడండి. వేలు గెంతుతుంది, వెనక గోడ కదలదు. చేతులు చాపి తిరిగేటప్పుడు ఫోను మన చుట్టూ పెద్ద చాపం గీస్తుంది కాబట్టి దూరపు ఒడ్డు బాగానే అతుకుతుంది, పదడుగుల్లో ఉన్న చెట్టు మాత్రం మొదలొకచోట, మొవ్వొకచోట అవుతుంది. మోచేతులు డొక్కలకి ఆనించుకుని, ఫోను ఉన్నచోటే ఉండేలా మనమే దాని చుట్టూ అడుగులు వేస్తూ తిరిగితే చాలావరకు నయం. త్రిపాదితో తీసేవాళ్లు కెమెరా ఒంటి మీద కాకుండా లెన్సులోని ఒక బిందువు మీద తిప్పడానికి తంటాలు పడేదీ ఇందుకే.

మామూలు కెమెరా ఉంటే నిలువుగా పట్టుకుని విడివిడిగా తీయండి. ఒకదాని మీద ఒకటి మూడోవంతు ఎక్కాలి. వెలుగు, రంగు, ఫోకస్ మూడూ ఒకసారి పెట్టాక ముట్టుకోకూడదు. పోలరైజర్ బిగించి ఉంటే తీసెయ్యండి, ఆకాశం ఒకచోట ముదురుగా, ఒకచోట పాలిపోయి వస్తుంది. అతకడానికి హగిన్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ చాలు. ఫోను వాళ్లకైతే, చాలా ఫోన్లలో తెర మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే వెలుగు అక్కడికి బిగుసుకుంటుంది. ఆ వేలు సూర్యుడి మీద మాత్రం పెట్టొద్దు.

సూర్యుడి మాటొచ్చింది కాబట్టి ఒక తగువు. రాజమండ్రి తూర్పు ఒడ్డున ఉంది. సాయంత్రం ఇటు నుంచి తీస్తే సూర్యుడు ఎదురుగా దిగుతాడు. ఒక్క ఫొటోకి అది అందమే, పనోరమాకి చేటు. మధ్యలో మంట, రెండు పక్కలా చీకటి. నా మాట వింటే ఉదయం ఇక్కడ తీయండి, సాయంత్రం బ్రిడ్జి దాటి కొవ్వూరు గోష్పాద క్షేత్రం రేవుకి వెళ్లండి. ఎండ వీపు మీద పడుతుంది, రాజమండ్రి ఒడ్డంతా పసుపు రాసుకుని కనిపిస్తుంది. మీ నీడ ఫొటోలోకి రాకుండా చూసుకోవడమొక్కటే పని.

ఇక బ్రిడ్జీలు. 1900లో మొదలై 1997 దాకా రైళ్లు మోసిన హేవలాక్ వంతెన 56 స్పాన్లతో గీత గీసినట్టు పోతుంది. వేసవిలో ఇసుక తిన్నె మీదకి వెళ్లి దాని నడిమికి ఎదురుగా నిలబడి అటు నుంచి ఇటు తిరిగి తీయండి. మధ్య ఎత్తుగా, రెండు కొసలూ కిందికి దిగి విల్లులా వంగిపోతుంది. పక్కనున్న ఆర్చి బ్రిడ్జిని చూసి ఇదీ వంగిందా అనిపిస్తుంది. ఫోను తప్పేం లేదు. మన ఎదురుగా ఉన్న ముక్క దగ్గర, కొసలు దూరం. గుండ్రంగా చూసినదాన్ని బల్లపరుపుగా పరిస్తే తిన్నటిది వంగక తప్పదు. వంగకూడదంటే వెనక్కి జరిగి, తక్కువ తిరగాలి.

నిజంగా తిన్నగానే కావాలంటే తిరగడం మానేసి నడవాలి. గోదావరి ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో ఆ ప్రభుత్వానికి ఫొటోలు తీసిన కెప్టెన్ లినేయస్ ట్రైప్, 1858లో తంజావూరు పెద్ద గుడి పీఠం మీది శాసనాలని అలాగే తీశాడు. కెమెరా గోడ వెంబడే జరుపుకుంటూ తీసిన 21 ఫొటోలు అతికిస్తే దాదాపు 19 అడుగులొచ్చింది. మీట నొక్కితే అయిపోయే పని కాదప్పుడు, ప్రతి ఫొటోకీ నెగెటివు విడిగా తయారు చేసుకోవాలి. మన ధవళేశ్వరం ఆనకట్టని ఎవరైనా అలా తీస్తే బాగుండునని నాకుంటుంది. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి ముగించిన చోటే ఇప్పటి బ్యారేజీ ఉంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. ఏ ఒడ్డున నిలబడి ఎంత తిరిగినా నాలుగూ ఒక ఫొటోలో పట్టవు.

నాకు మాత్రం నది కంటే చేలే ఇష్టం. దాళ్వా ఊడ్పులప్పుడు, మడి నిండా నీళ్లుండి నారు ఇంకా బెత్తెడు కూడా లేవనప్పుడు, కాలవ గట్టెక్కి తీయండి. గట్టు ఎత్తు మనిషెత్తే ఉన్నా చాలు, గీతలా ఉన్న నేల మడులు మడులుగా విడిపోతుంది. వరసగా వంగిన ఊడ్పు కూలీలు, ఒక మోటారు షెడ్డు, కరెంటు స్తంభం. నిలువు దొరికినట్టే. పి.గన్నవరం అక్విడెక్టు మీంచైతే వైనతేయ పాయా, కొబ్బరితోటలూ కలిసొస్తాయి. నరసాపురం రేవులో పంటు మీద మాత్రం తీయకండి, అది ఊగినప్పుడల్లా ఒడ్డూ ఊగుతుంది.

చివరి పని కోత, అంటే ఫొటోలో ఎంత వెడల్పు ఉంచాలో తేల్చుకోవడం. తెలుగులో మొదటి సినిమాస్కోప్ 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'. ఆ తెర వెడల్పు ఎత్తుకి రెండుంబావు రెట్ల కంటే కాస్త ఎక్కువ. కన్ను అంతవరకు హాయిగా పోతుంది, మూడు రెట్లు దాటితే మెడ తిప్పాలి. మేనల్లుడు కొవ్వూరు నుంచి తెచ్చిన ఫొటో అయిదు రెట్లుంది. ఎడమ కొసన ఉన్న టీకొట్టు తీసెయ్యమన్నాను. టీకొట్టే బాగుందన్నాడు. కుడివైపు ఖాళీ ఇసుకైనా కొయ్యమన్నాను. మా వాదన వింటూ చిక్కుడుకాయలు వలుస్తున్న మా అక్క, "ఏదీ కొయ్యకండర్రా, సోఫా వెనక గోడ పొడుగ్గా ఖాళీగానే ఉంది" అంది.